ఒకే చిట్టాలో రెండు వ్యాపారాలు

ప్రశ్న: నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళెం వైపు నుంచి ఒక రైస్‌మిల్లు యజమాని నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టొద్దన్నారు కాబట్టి విషయం వరకే చెబుతున్నాం. వయసు 38. గంటకు రెండు టన్నుల వడ్లు ఆడే మిల్లు, వాళ్ల నాయన పెట్టింది. ఆరేళ్లుగా నడిపేది ఈయనే అయినా పెద్ద కొనుగోళ్లకు నాయన ఊఁ అనాల్సిందే. మూడేళ్ల కిందట కోతల్లో ఒక బ్రోకరు మాట నమ్మి, మామూలుగా కొనేదానికి పైన వెయ్యి పుట్లు (పుట్టి అంటే 850 కిలోలు) కొని నిలవ పెట్టారు. ధర ఎగబాకింది, బాగా మిగిలింది. మరుసటేడు అదే ధైర్యంతో పుట్టి 20 వేల లెక్కన మళ్లీ వెయ్యి పుట్లు కొన్నారు. నాలుగు నెలల్లో ధర 17 వేలకు దిగింది. బ్యాంకు సీసీ ఖాతాలో (నిలవ సరుకు హామీ మీద ఇచ్చే అప్పు) డబ్బు కట్టాల్సి వచ్చింది, ఇద్దరు రైతులకు చెల్లింపు ఆలస్యమై ఊళ్లో మాటపడ్డారు. ఆ దెబ్బకు పోయిన సీజన్‌లో చెయ్యి ముడుచుకున్నారు. నవంబరు నుంచి మిల్లు సగం రోజులు ఖాళీ.

ఇప్పుడు చెన్నై వ్యాపారి ఒకరు వారానికి 25 టన్నుల లోడు తీసుకుంటానంటున్నారు, 45 రోజుల అరువు మీద. సరుకు సార్టెక్స్ (రంగు మారిన గింజల్ని ఏరేసే మిషన్) పట్టి ఉండాలట. బావమరిదేమో ముందు డ్రయ్యర్ పెట్టమంటున్నాడు. ఏదో తరగతికి వెళితే అక్కడ ‘వ్యూహ ప్రణాళిక రాసుకోండి, మంచి నిర్ణయాలు వాటంతటవే వస్తాయి’ అని చెప్పారట. నాయనకు ఆ మాట చెబితే ‘వడ్ల యాపారానికి ప్లానేందిరా, వానేమన్నా చెప్పొస్తాదా?’ అన్నారు. ఉత్తరం చివర మూడు ప్రశ్నలు ఉన్నాయి. లోపం నా తీర్పులో ఉందా, ప్లాన్ లేకపోవడంలో ఉందా? రాసుకుంటే నిజంగా తేడా వస్తుందా? రాస్తే దాన్ని నాయనకు చూపించాలా?

సమాధానం: మీ నాయనగారి మాటలో సగం నిజం ఉంది. వాన చెప్పి రాదు. ఢిల్లీలో పడే సంతకం అసలే చెప్పి రాదు. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని కేంద్రం ఆపేసింది, 2024 సెప్టెంబరు 28న మళ్లీ తలుపు తీసింది. అంతకు ముందు, 2022 జూలై 18 నుంచి, 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. ఆ దెబ్బకు 26 కిలోల బస్తాలు ఎలా పుట్టుకొచ్చాయో మీకు వేరే చెప్పాలా? 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను సరిగ్గా నారుమళ్ల వేళకు వచ్చి పడింది. వీటిలో ఒక్కటైనా ముందే కాగితం మీద రాయగలిగిన మిల్లరు లేడు. ప్లాన్ అంటే జోస్యం అనుకుంటే మీ నాయనే గెలిచారు.

తరగతిలో చెప్పిందీ సగమే. బ్యాంకు లోను కోసం మొదటి ఏడు 60 శాతం, రెండో ఏడు 65, మూడో ఏడు 70 అని మిల్లు సామర్థ్యాన్ని ఎక్సెల్‌లో పెంచుకుంటూ పోయే ప్రాజెక్టు రిపోర్టు ఉంటుంది చూశారా, దాన్నే ప్లాన్ అనుకుని బీరువాలో దాచుకునేవాళ్లు చాలామంది. అది బ్యాంకు చదవడానికి రాసింది. మీకు కావాల్సిన కాగితం వేరు. కోతల్లో గేటు ముందు ట్రాక్టర్లు వరస కట్టి, బ్రోకరు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే, పది నిమిషాల్లో తేల్చాల్సినవి పది విషయాలుంటాయి. వాటిలో ఏడింటిని వేసవిలోనో వానల్లోనో తీరిగ్గా కూర్చుని ముందే తేల్చిపెట్టుకుంటే, మిగిలిన మూడింటికే ఆ రోజు బుర్ర పెడతారు. ప్లాన్ తీర్పుకు చేసే సాయం ఇంతే. తక్కువేం కాదు.

ఇక మీ సంగతి. వెయ్యి పుట్లు అని ఉత్తరంలో మూడు చోట్ల రాశారు. ఆ వెయ్యి దేనికోసం కొన్నారో ఒక్కచోటా రాయలేదు. చిక్కు అక్కడుంది.

మీ మిల్లు రోజుకు పది గంటలు తిరిగితే 20 టన్నులు. నెలకు 26 రోజులనుకుంటే 520 టన్నులు. మన పుట్టి 850 కిలోలు కాబట్టి 600 పుట్ల పైచిలుకు. మార్చి, ఏప్రిల్ కోతలయ్యాక ఎడగారు (రెండో పంట) వడ్లు దిగేదాకా, అవి అయ్యాక మళ్లీ మొదటి పంట వచ్చేదాకా మిల్లు తిరగాలంటే కొంత నిలవ తప్పదు. దాన్ని మిల్లు మేత అందాం. ధర పెరుగుతుందని కొని కూర్చోబెట్టేది పందెం. రెండూ ఒకే గోడౌన్‌లో పక్కపక్క నెట్లలో ఉండవచ్చు, కానీ వ్యాపారాలు రెండు. మీరు రెండింటినీ ఒకే చిట్టాలో రాస్తున్నారు. అందుకే ధర పెరిగితే ‘మన అంచనా భలే’ అనిపిస్తుంది, తగ్గితే ‘ఎలాగూ మిల్లు తిరగాలి కదా’ అనిపిస్తుంది. ఏం నేర్చుకోవాలో తెలియదు. మొదటి ఏడు వచ్చిన లాభం పందేనిది, రెండో ఏడు పోయిందీ పందేనిదే. మూడో ఏడు పందెం మీద భయంతో మిల్లు మేత కూడా మానేశారు. మూడింటిలో నాకు అన్నిటికంటే బాధ కలిగించిన పొరపాటు ఆ మూడోదే.

లోపం తీర్పులో ఉందా అని అడిగారు. మొదటి రెండేళ్లూ మీరు చేసింది ఒకటే పని, బ్రోకరు మాట మీద వెయ్యి పుట్లు కొనడం. వేరైంది ఫలితం. గెలిచిన ఏడు తెలివీ కాదు, ఓడిన ఏడు తెలివితక్కువా కాదు. రెండుసార్లూ లెక్క వేయకుండా కొన్నారు, అంతవరకే ఈ ఉత్తరాన్ని బట్టి చెప్పగలం.

ఆ లెక్క ఇప్పుడు వేద్దాం. పుట్టి 20,000 పెట్టి కొన్నారు. నూటికి నెలకు రూపాయి వడ్డీ అనుకున్నా పుట్టికి నెలకు 200. గోడౌన్, హమాలీ, బీమా, పందికొక్కులు, అన్నీ కలిపి ఇంకో 100 వేసుకోండి. నాలుగు నెలలకు 1,200. అందరూ మర్చిపోయేది తేమ. 17 శాతం తేమతో కొన్న 850 కిలోలు 14 శాతానికి ఆరితే మిగిలేది 820 కిలోలే. పోయిన 30 కిలోలు కొన్న ధరకే దాదాపు 700 రూపాయలు. అంటే ధర పుట్టికి 21,900 దాటాకే మీకు మొదటి రూపాయి మిగులుతుంది. ‘వెయ్యి పెరిగింది, అమ్ముదామా’ అని మీరు సంబరపడే రోజున నిజానికి తొమ్మిది వందల నష్టంలో ఉంటారు. 20 శాతం తేమ సరుకైతే 850లో మిగిలేది 791. తరుగు ఎంత కోయాలన్నది రైతుతో గేటు దగ్గర పడే గొడవ. ప్లాన్ కాగితంలో ముందుగా ఉండాల్సిన అంకె కూడా అదే.

రెండోది సీసీ. ఇక్కడే మీరు నలిగారు. రెండు కోట్ల సరుకు మీద మీ వాటాగా పెట్టుకోవాల్సిన 25 శాతం మార్జిన్ పోను బ్యాంకు ఇచ్చేది కోటిన్నర. ధర 17 వేలకు పడగానే అదే సరుకు విలువ కోటీ 70 లక్షలు, తీసుకోగలిగేది కోటీ 27 లక్షల 50 వేలు. తేడా ఇరవై రెండున్నర లక్షలు వెంటనే కట్టాలి, సరుకు అమ్మడానికి అన్నిటికంటే చెడ్డ రోజున. పైగా రైతులకు బాకీ ఉంటే ఆ మేరకు సరుకును లెక్కలోంచి తీసేస్తారు. ధర పడటం వల్ల పోయింది కొంత. పడిన ధరకే అమ్మక తప్పని స్థితిలో ఉండటం వల్ల పోయింది అంతకంటే ఎక్కువ. రెండోదాన్ని ఆపడం మీ చేతిలో ఉంది.

పందెం విషయంలో మీకు మూడు దార్లున్నాయి. పూర్తిగా మానేయవచ్చు. నిద్ర పడుతుంది, రైతుల డబ్బు ఆగదు. కానీ ధర ఎగిరే ఏడు పక్క మిల్లువాళ్లు సంపాదిస్తుంటే చూస్తూ కూర్చోవాలి. మీ ఉత్తరం చదివితే అంత ఓపిక మీకు ఉన్నట్టు అనిపించలేదు. రెండో దారి, గిరి గీసుకుని ఆడటం. పుట్టికి మూడు వేలు పడి, పైన 1,900 ఖర్చు కలిస్తే 4,900 పోతుంది. ఇల్లూ మిల్లూ కదలకుండా పది లక్షలు పోగొట్టుకోగలిగితే మీ గిరి 200 పుట్లు. వెయ్యి కాదు. ఆ 200 కూడా సొంత డబ్బుతో, సీసీతో కాదు. కొన్న రోజే రెండు అంకెలు రాయాలి, ఏ ధరకు అమ్ముతారు, ధర రాకపోయినా ఏ తేదీకి అమ్మేస్తారు. ఈ తేదీ లేకపోతే పందెం సరుకు మెల్లగా పేరు మార్చుకుని మిల్లు మేతలో కలిసిపోతుంది. మూడో దారి, ఇప్పటిలాగే సాగడం. అదీ ఒక ఎంపికే, మరోసారి ధర ఎగరవచ్చు కూడా. అయితే పందెం సీసీ మీద నడుస్తోందని బ్యాంకుకు తెలియకపోవచ్చేమో గానీ ఇంట్లోవాళ్లకు తెలిసి ఉండాలి.

మిల్లు మేత ఎంత ఉండాలన్నది బ్రోకరు చెప్పేది కాదు, అమ్మకం చెప్పేది. చెన్నై లోడు పనికొచ్చేది అక్కడే. నూకలు పోను వడ్లలో 60 శాతం నిండు గింజ అనుకుంటే, 25 టన్నుల బియ్యానికి వారానికి 50 పుట్ల వడ్లు కావాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా 17 వారాలు, 850 పుట్లు. చూశారా, ఇంచుమించు అదే వెయ్యి పుట్లు. కానీ ఈ 850కి కొనేవాడున్నాడు, తేదీ ఉంది. ధర ఏ వారానికి ఆ వారం మార్కెట్‌ను బట్టి అంటే ధర పడే ముప్పు మీ మీదే ఉంటుంది, అది మర్చిపోకండి. కనీసం సగం లోడ్లకైనా నెల ముందు ధర ఖాయం చేయమని అడిగి చూడండి. ఒప్పుకోకపోతే నిలవను రెండు వాయిదాల్లో కొనండి, ఎడగారు కోతల్లో సగం, తర్వాత సగం.

అరువు గురించి మీరు ఒక్క వాక్యంతో సరిపెట్టారు. నేనైతే రాత్రంతా దాని గురించే ఆలోచిస్తాను. 45 రోజులంటే ఆరున్నర వారాలు, దాదాపు 160 టన్నులు బయట ఉంటాయి. కిలో 40 వేసుకున్నా 64 లక్షలు. ఒకే మనిషి దగ్గర. బాకీల మీద బ్యాంకు ఇచ్చేది సరుకు మీద ఇచ్చేదానికంటే తక్కువ. మొదటి రెండు నెలలు పది రోజుల అరువుతో వారానికి పది టన్నులు పంపి, ఆయన చెల్లింపు ఎలా ఉందో చూశాక పెంచడం ఒక పద్ధతి. ఆర్డరు చేజారే ప్రమాదం ఉంది, ఉండనివ్వండి. మీరు ఉద్యమ్‌లో (చిన్న పరిశ్రమలకు కేంద్రం పెట్టిన నమోదు) సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమగా నమోదై ఉంటే ఇంకో ఆధారం ఉంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటించకూడదు, దాటించి ఆ ఆర్థిక సంవత్సరం కట్టకపోతే కొన్నవాళ్లకు ఆ ఖర్చు ఆ ఏటి ఆదాయపన్ను లెక్కలో చెల్లదు. 2024 ఏప్రిల్ 1 నుంచి ఈ పన్ను నిబంధన అమల్లో ఉంది. ఇన్వాయిస్ మీద ఉద్యమ్ నంబరు వేయడం పైసా ఖర్చు లేని పని.

సార్టెక్సా, డ్రయ్యరా? చెన్నై ఆర్డరు ఖాయమైతేనే సార్టెక్స్‌కు అర్థం. దాని వెంట కంప్రెషర్, గాలిలో తేమా నూనే వడకట్టే ఫిల్టర్లు రావాలి. అవి సరిగా లేకపోతే గాలి ఊది రంగు గింజను పక్కకు నెట్టే ఎజెక్టర్లు మూసుకుపోయి రంగు గింజ మంచి గింజతో కలిసే పోతుంది, లోడు చెన్నై నుంచి వెనక్కి వస్తుంది. డ్రయ్యర్ లాభం ఎవరి ఆర్డరు మీదా ఆధారపడదు. మార్చి ఎండల్లో కల్లం చాలు. ఎడగారు కోతలు వానల్లో పడినప్పుడు తడి వడ్లు కొనగలిగేది డ్రయ్యరున్న మిల్లే. మంటకు ఊక ఎలాగూ మీదే. తొందరపడి వేడి పెంచి ఒకే దఫాలో ఆరబెడితే మాత్రం గింజ పగిలి నూకలు పెరుగుతాయి, మధ్యలో గంటల తరబడి విశ్రాంతి ఇవ్వాల్సిందే. నా మొగ్గు డ్రయ్యర్ వైపు, మీ బావమరిది ఏ కారణంతో అన్నాడో ఉత్తరంలో లేదు గానీ. చెన్నైకి మొదటి రెండు నెలలు పంపే పది టన్నులను సార్టెక్స్ ఉన్న మరో మిల్లులో కూలికి చేయించుకోవచ్చు. ఏది పెట్టినా టర్మ్ లోనుతో (కొన్నేళ్ల వాయిదాల్లో తీర్చే అప్పు) పెట్టండి. సీసీ డబ్బుతో మిషన్ కొంటే కోతల రోజున వడ్లకు డబ్బుండదు.

ఇక ధరల సంగతి. 1970ల మొదట్లో షెల్ చమురు కంపెనీలో పియెర్ వాక్ అనే ఆయన బృందం భవిష్యత్తు ఒక్కటే అని చెప్పకుండా రెండు మూడు రకాలుగా రాసి, ఒక్కోదానిలో కంపెనీ ఏం చేస్తుందో అధికారులతో ఆలోచింపజేసింది. 1973 అక్టోబరులో చమురు సంక్షోభం వచ్చినప్పుడు ఆ రోజు ఎవరికీ ముందు తెలియదు, కానీ అలాంటి రోజొకటి వస్తే ఏం చేయాలో ఒకసారి అనుకుని ఉన్నారు. మీకు అంత పెద్ద హంగామా అక్కర్లేదు. ఒక కాగితం, మూడు గడులు. కోతల్లో పుట్టి 18 వేల లోపుంటే, 18 నుంచి 22 మధ్యుంటే, 22 పైనుంటే. ఒక్కో గడిలో మిల్లు మేత ఎన్ని పుట్లు, పందెం ఎన్ని, ఎవరి డబ్బు. 22 పైన పందెం సున్నా అని రాసుకోవడానికి ఈరోజు కష్టం లేదు, ఆ రోజు చాలా కష్టం.

గడుల కింద గుర్తులు రాయండి. సోమశిల జలాశయంలో 78 టీఎంసీలకు ఎంత చేరింది, సాగునీటి సలహా మండలి సమావేశంలో ఎన్ని ఎకరాలకు నీళ్లన్నారు, చుట్టుపక్కల ఏ రకం ఎక్కువ నాటారు, ఎగుమతి మీద కొత్త ఉత్తర్వులేమన్నా ఉన్నాయా. ఇవన్నీ పేపర్లో వచ్చేవే. బ్రోకరు మాటను కూడా ఒక గుర్తుగా చేర్చవచ్చు, చివరి వరసలో. ఆయనకు కమీషన్ మీరు కొన్నా వస్తుంది, అమ్మినా వస్తుంది.

కాగితం ఖరారు చేసే ముందు గుమాస్తానూ ఆపరేటర్‌నూ కూర్చోబెట్టి ఒక పని చేయండి. ‘వచ్చే ఏడు ఇదే రోజు, మనం బాగా నష్టపోయి కూర్చున్నాం. ఎందుకు నష్టపోయామో తలా మూడు కారణాలు రాయండి’ అనండి. గ్యారీ క్లైన్ అనే మనస్తత్వవేత్త ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ‘ఏమైనా ఇబ్బంది ఉంటుందా?’ అని అడిగితే మీ గుమాస్తా ‘ఏముంటదిలేండి’ అంటాడు. నష్టం జరిగిపోయిందని చెప్పి కారణం అడిగితే, రెండో కాంటా మూడు నెలలుగా తప్పు చూపిస్తోందన్న సంగతి బయటికి రావచ్చు. మీరు ముందు నోరు తెరవకండి. యజమాని చెప్పాక మిగతావాళ్లు రాసేది యజమాని మాటే.

ఇంకొకటి, చిన్న నోటుపుస్తకం. పెద్ద కొనుగోలు చేసిన ప్రతిసారీ నాలుగు వరసలు చాలు. ఇలా: ‘మార్చి 14. ఎన్ఎల్ఆర్ 34449 రకం వడ్లు, తేమ 18, పుట్టి 19,600, 120 పుట్లు, మిల్లు మేత. ఆగస్టుకల్లా ఆడేస్తాం. బియ్యం కిలో 38 కింద పడితే నా లెక్క తప్పు. నమ్మకం పదికి ఆరు.’ ఆరు నెలల తర్వాత తీసి చూస్తే లాభనష్టాల కంటే ముందు కనబడేది, మీరు పదికి తొమ్మిది వేసుకున్నవి ఎన్నిసార్లు నిలబడ్డాయన్నది. రాయకపోతే మనసు అప్పటి నమ్మకాన్ని ఇప్పటి ఫలితానికి తగ్గట్టు దిద్దేస్తుంది.

ప్లాన్ తప్పే రోజూ వస్తుంది. కాగితంలో ఉంది కదా అని మూర్ఖంగా పట్టుకోవడం, కాగితం లేకుండా పోవడం కంటే ఏమంత మెరుగు కాదు. దాటొచ్చు, కానీ దాటే పద్ధతి ముందే రాసి ఉండాలి. ఏ గుర్తు మారింది, దాటితే ఎంత పోవచ్చు, ఈ రెండూ రాసి, ఒక రాత్రి గడిచాక, మీతో పాటు ఇంకొకరు సంతకం పెట్టాలి. ఒక్క రాత్రి ఆగితే పోయే బేరం ఉందని బ్రోకరు అంటే పోనివ్వండి. రైతులకు ఇవ్వాల్సిన డబ్బు మాత్రం ఏ గడిలోనూ దాటకూడని గీత. ఊళ్లో ఒకసారి మాటపడ్డారు. ఈ ఏడు కొన్ని ట్రాక్టర్లు మీ గేటు దాటి పక్క మిల్లుకు వెళ్లే ఉంటాయి, గమనించారో లేదో.

చివరిగా మీ నాయనగారి సంగతి. చూపించండి, కానీ పూర్తి చేసిన కాగితంగా కాదు. చూపించకపోతే రెండో సంతకం ఎవరిది? పూర్తి చేసి చూపిస్తే అందులో తప్పులు వెతకడమే ఆయనకు మిగిలే పని. అంకెలు మీరు నింపి, గుర్తుల వరస ఖాళీగా వదిలి ఆయన ముందు పెట్టండి. ‘సోమశిల నిండినా ధర పడని ఏడు ఏది నాయనా?’ అని అడగండి. ఆయన చెప్పేది చెప్పినట్టే, తేదీ వేసి, ఆయన ఎదురుగానే రాసుకోండి. కాఫీ తాగాక మాట మారుస్తారేమో.